సైట్-టు-సైట్ వీపీఎన్: రెండు కార్యాలయాల నెట్‌వర్క్‌లు ఇంటర్నెట్ మీదుగా కలిసేదెలా?

జంషెడ్‌పుర్‌లో టాటానగర్ రైల్వే స్టేషన్‌కు సమీపాన ఉన్న పర్సుడీహ్‌లో ఒక సరకు రవాణా సంస్థకు ప్రధాన కార్యాలయం, విశాఖపట్నంలో శాఖ ఉన్నాయనుకుందాం. బిల్లులు, జీతాల పట్టికలు పర్సుడీహ్ సర్వర్‌లో ఉంటాయి. విశాఖ సిబ్బందికి అవి ప్రతిరోజూ అవసరం. రెండు నగరాల మధ్య ప్రత్యేక లైనును అద్దెకు తీసుకోవడం ఖర్చుతో కూడిన పని. సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం ప్రమాదకరం. ఈ రెండింటికీ ప్రత్యామ్నాయమే సైట్-టు-సైట్ వీపీఎన్.

పనిచేసే విధానం

కార్యాలయాల్లోని కంప్యూటర్లకు సాధారణంగా ప్రైవేటు చిరునామాలు ఉంటాయి. 10తో, 192.168తో మొదలయ్యే శ్రేణులను, 172.16 నుంచి 172.31 వరకు గల శ్రేణిని 1996 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1918 ఇందుకు ప్రత్యేకించింది. ఈ చిరునామాలకు బహిరంగ ఇంటర్నెట్‌లో దారి ఉండదు. అందువల్ల విశాఖ రౌటర్ ప్రతి ప్యాకెట్‌ను రహస్య సంకేతంగా మార్చి, మరో ప్యాకెట్‌లో ఇమిడ్చి, దానిపై పర్సుడీహ్ రౌటర్ పబ్లిక్ చిరునామాను చేర్చి పంపుతుంది. అవతలి రౌటర్ దానిని విప్పి సర్వర్‌కు అందజేస్తుంది. మార్గమధ్యంలో ఎవరైనా చూసినా, ఏ రెండు రౌటర్ల మధ్య ఎంత సమాచారం నడుస్తోందో తెలుస్తుంది తప్ప అందులో ఏముందో తెలియదు. సిబ్బంది కంప్యూటర్లలో ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అవసరం లేదు.

ప్రధాన ప్రమాణాలు

ఐపీసెక్ తొలి ప్రమాణాలు 1995లో వెలువడ్డాయి. ఇందులో తాళాల మార్పిడికి ఐకేఈ ఉపయోగపడుతుంది. ఇది యూడీపీ 500, 4500 పోర్టులను వాడుతుంది. ఐకేఈ మొదటి వెర్షన్‌ను 2023 ఏప్రిల్‌లో కాలం చెల్లినదిగా ప్రకటించినందున రెండో వెర్షన్‌నే ఎంచుకోవాలి. వైర్‌గార్డ్ 2020 మార్చిలో విడుదలైన లినక్స్ కెర్నల్ 5.6లో భాగమైంది. రెండు చివరలా ఒకే ప్రమాణం ఉండాలి.

జాగ్రత్తలు

* రెండు కార్యాలయాల్లోనూ 192.168.1 శ్రేణే ఉంటే ప్యాకెట్ ఎటు వెళ్లాలో రౌటర్‌కు తెలియదు. ముందుగా ఒకచోట శ్రేణిని మార్చాలి.
* కనీసం ఒక చివర బయటి నుంచి చేరుకోగల పబ్లిక్ చిరునామా ఉండాలి. 100.64 నుంచి 100.127 వరకు గల చిరునామా కనిపిస్తే, అది సర్వీసు ప్రొవైడర్ అనేక మంది వినియోగదారుల మధ్య ఒక పబ్లిక్ చిరునామాను పంచుతున్నట్లు సూచన.
* అదనపు పొర వల్ల ప్యాకెట్ పరిమాణం పెరుగుతుంది. చిన్న ఫైళ్లు తెరుచుకుని పెద్దవి మధ్యలో నిలిచిపోతే ఎంటీయూ అమరికను తగ్గించి చూడాలి.
* ఒక కార్యాలయంలోకి వైరస్ చొరబడితే ఇదే మార్గంలో రెండోదానికీ చేరగలదు. అవసరమైన సర్వర్లకు మాత్రమే ఫైర్‌వాల్‌లో అనుమతి ఇవ్వాలి.

నిబంధనలు

వీపీఎన్ సేవలందించే సంస్థలు వినియోగదారుల వివరాలను కనీసం 5 ఏళ్లు భద్రపరచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. సంస్థలు తమ సొంత అవసరాలకు నడిపే వీపీఎన్‌లకు ఇది వర్తించదని తర్వాత స్పష్టం చేసింది. అయితే నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలన్న నిబంధన కంపెనీలకూ వర్తిస్తుంది.