అలిపిరి పేలుడు, జూలై గడువు: పీపుల్స్‌వార్ నిషేధంపై పునఃపరిశీలన

అలిపిరి నుంచి కొండకు జీపు తోలే ఒకాయన వేసిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. పేలుడు జరిగిన చోటు చూపించి, "అప్పుటికే నిషేధం ఉండె గదా సా, మళ్లీ అదేంటికి తీసేసినారు?" అన్నాడు. 2003 అక్టోబరు 1న బ్రహ్మోత్సవాలకు పట్టువస్త్రాలు సమర్పించడానికి వెళ్తున్న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి కాన్వాయ్ మీద అక్కడే పీపుల్స్‌వార్ పెట్టిన క్లేమోర్ మందుపాతరలు పేలాయి. పది నెలలు తిరక్కుండానే రాష్ట్రంలో పీపుల్స్‌వార్ మీద నిషేధం లేదు.

హింస ఒక మోతాదు దాటితే ప్రభుత్వం నిషేధిస్తుందని, తగ్గితే సడలిస్తుందని మన పరిశోధకులు చెబుతూ వచ్చారు. ఈ వాదానికి పెద్ద దిక్కు నాకంటే సీనియర్ అయిన ఒక ఆచార్యుడు. పేరు రాయను గాని, సదస్సుల్లో మా ఇద్దరి తగవు చూసినవాళ్లకు ఆయనెవరో తెలుసు. ఆయన పట్టికలో ఒక వరుసలో హత్యలు, పక్క వరుసలో నిషేధాల తేదీలు ఉంటాయి. ఎన్నికలకు గాని, ఉత్తర్వు గడువుకు గాని అందులో గడి లేదు.

ఆ గడి వేసి చూద్దాం. 1992 మేలో జనార్దనరెడ్డి ప్రభుత్వం ప్రజా భద్రతా చట్టం కింద పీపుల్స్‌వార్‌ను, దాని అనుబంధ సంఘాలను నిషేధించింది. 1995లో ఎన్టీఆర్ హయాంలో అది తొలగింది. 1996 జూలైలో చంద్రబాబు మళ్లీ విధించారు. ఈ చట్టం కింద నిషేధం ఏడాదికే చెల్లుతుంది, కాబట్టి అప్పట్లో ఏటా జూలైలో ఎవరో ఒకరు దస్త్రం తెరిచి సంతకం పెట్టాల్సి వచ్చేది. అలిపిరి తర్వాత శాసనసభ రద్దయింది, 2004 ఎన్నికల్లో తెలుగుదేశం ఓడింది, చర్చలు జరుపుతామన్న కాంగ్రెస్ గెలిచింది. ఆ జూలైలో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఎత్తివేత ఉత్తర్వంటూ ఏదీ ఇవ్వలేదు. ఉన్నదాన్ని పొడిగించలేదు, అంతే. ముఖ్యమంత్రి మీదే దాడి జరిగాక, సంతకం పెట్టకుండా ఊరుకోవడంతోనే నిషేధం పోయింది. అప్పటికి కాల్పుల విరమణ వల్ల హింస తగ్గిందని ఆచార్యులవారు అంటారు. నిజమే, ఆ విరమణా చర్చల కోసమే వచ్చింది గదా.

ఢిల్లీ సంగతి వేరు. 2001 డిసెంబరులోనే ఉగ్రవాద నిరోధక ఆర్డినెన్సు (పోటో) కింద పీపుల్స్‌వార్, మావోయిస్టు కమ్యూనిస్టు సెంటర్ (ఎంసీసీ)ల పేర్లు ఉగ్రవాద సంస్థల జాబితాకెక్కాయి. ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన పోటా చట్టం 2004 సెప్టెంబరు 21 నుంచి రద్దయింది, కానీ ఆ పేర్లు అదే రోజు సవరించిన చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం షెడ్యూలులోకి నడిచొచ్చాయి. విచిత్రమేమంటే ఆ రెండు పార్టీలూ కలిసి మావోయిస్టు పార్టీగా ఏర్పడిందీ అదే తేదీన. ఈ షెడ్యూలుకు గడువు లేదు, ట్రిబ్యునల్ గడప తొక్కాల్సిన పని లేదు. ఉగ్రవాదంలో పాలుపంచుకుంటోందని కేంద్రం నమ్మితే చాలు. ఆ అక్టోబరులో చర్చల కోసం నల్లమల నుంచి వచ్చిన మావోయిస్టు నేత రామకృష్ణ హైదరాబాదు మంజీరా అతిథిగృహంలో హోంమంత్రి జానారెడ్డికి ఎదురుగా కూర్చున్నారు. కేంద్రం దృష్టిలో ఉగ్రవాది, రాష్ట్రానికి అతిథి. మనిషి మారలేదు, చట్టం మారింది.

చర్చలు చెడ్డాయి. 2005 ఆగస్టు 15న నారాయణపేటలో ఎమ్మెల్యే నర్సిరెడ్డిని చంపారు, 17న నిషేధం తిరిగొచ్చింది. ఇక్కడ ఆచార్యులవారి లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. అయితే అదే ఉత్తర్వులో విప్లవ రచయితల సంఘాన్ని (విరసం) కూడా చేర్చారు. మందుపాతర పెట్టని రచయితల సంఘం ఏ మోతాదు దాటినట్టు? చర్చల్లో నక్సలైట్ల తరఫు దూతలుగా వ్యవహరించిన వరవరరావు, కల్యాణరావు ఆ సంఘం వాళ్లే. నా దృష్టిలో ఆ ఉత్తర్వు హత్యకు జవాబు ఎంతో, చర్చల పుటను చింపెయ్యడం అంత. సలహా మండలి ఒప్పుకోక నవంబరులో విరసం మీద నిషేధం పోయింది.

2008 జూన్‌లో బలిమెల జలాశయంలో లాంచీ మీద దాడిలో 30 మందికి పైగా గ్రేహౌండ్స్ పోలీసులు చనిపోయారు. అప్పుడు కేంద్రం షెడ్యూలు కదల్లేదు. 'మావోయిస్టు' అన్న పేరును విడిగా చేర్చింది 2009 జూన్ 22న, లోక్‌సభ ఎన్నికలు ముగిశాక, పశ్చిమ బెంగాల్‌లోని లాల్‌గఢ్ ఆందోళన వేడిలో.

మన సరిహద్దు దాటితే అట్టే దూరం లేని శ్రీపెరంబుదూరులో 1991 మే 21న రాజీవ్‌గాంధీని చంపారు. ఎల్‌టీటీఈ మీద నిషేధం వచ్చేసరికి 1992 మే 14 అయింది. మాజీ ప్రధాని హత్యకే ఏడాది పట్టిందంటే, మోతాదు లెక్క ఏ ప్రభుత్వానికీ కొలబద్ద కాదనే నా అభిప్రాయం.

నేపాల్‌ చూసినా అంతే. అక్కడి మావోయిస్టు నేత ప్రచండ 2008లో ప్రధాని అయ్యారు. ఆయన పార్టీ పేరును అమెరికా తన ఉగ్రవాద జాబితాలోంచి కొట్టేసింది 2012లో. ఏటా జూలైలో సంతకం అడిగే కాగితం అమెరికాలో లేదు మరి.