కాపలా కెమెరా: తీగ నుంచి హాట్‌స్పాట్ దాకా

దూరం నుంచి చూసే కెమెరాకు యుద్ధ అవసరం ఊతమిచ్చింది. 1942లో జర్మనీలోని పీనెముండేలో వి-2 రాకెట్ ప్రయోగాలను ప్రమాదం లేని చోటి నుంచి గమనించడానికి ఇంజనీరు వాల్టర్ బ్రూచ్ తీగలతో కెమెరాలు అమర్చాడు. దాన్ని ఇంటి కాపలాకు మలిచింది న్యూయార్క్ నర్సు మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్. భర్త ఆల్బర్ట్‌తో కలిసి చేసిన ఆ ఏర్పాటుకు 1969లో పేటెంట్ దక్కింది. ఆమెకు రావలసినంత పేరు రాలేదు.

1996లో స్వీడన్ కంపెనీ యాక్సిస్ నెట్‌వర్క్ కెమెరా తెచ్చింది. ఇంటర్నెట్ తెచ్చే తీగ మాత్రం మిగిలింది. 2010లో ఆండ్రాయిడ్ 2.2, మరుసటి ఏడాది ఐఫోన్ ఫోను డేటాను వై-ఫైగా పంచే హాట్‌స్పాట్ సదుపాయం ఇవ్వడంతో ఆ బంధం తెగింది. మన దేశంలో 2016లో జియో వచ్చాక డేటా చవకై, బ్రాడ్‌బ్యాండ్ చేరని తోటలకూ కెమెరా అందుబాటులోకొచ్చింది.

అయితే సెల్ కంపెనీలు ఒకే పబ్లిక్ ఇంటర్నెట్ చిరునామాను ఎందరికో పంచుతాయి. అందుకే బయటివారికి దారి ఇచ్చేలా రౌటర్‌లో పోర్టు తెరిచే పాత పద్ధతి సాధారణంగా ఇక్కడ పనికిరాదు. బయటి నుంచి కెమెరాను నేరుగా చేరలేం. కెమెరాయే ముందు తయారీదారు సర్వర్‌ను పలకరిస్తుంది, యజమాని ఫోను దాన్ని అక్కడే కలుస్తుంది. సౌకర్యం పెరిగింది గానీ, ఇంటి గుట్టు కొంత పరాయి సర్వర్ చేతికి పోయింది. ఇది చిన్న విషయం కాదు.

సెకనుకు 2 మెగాబిట్ల వీడియో రోజంతా పంపితే 21 జీబీ దాటుతుంది. కదలిక కనబడినప్పుడే పంపే పద్ధతి అందుకే స్థిరపడింది. ఫోనుకూ పరిమితులున్నాయి: ఎవరూ వాడకపోతే చాలా ఫోన్లు హాట్‌స్పాట్‌ను వాటంతటవే ఆపేస్తాయి, ఎండకు వేడెక్కుతాయి. నాలుగు రోజుల కాపలాకు ఫోను చాలు. ఏడాది పొడవునా అయితే సిమ్ వేసే కెమెరాయే మేలు.