వైద్యవిద్యలో స్త్రీల తొలి అడుగులు

పందొమ్మిదవ శతాబ్దిలో ఘోషా పాటించే స్త్రీలనేకులు పురుష వైద్యులచే చికిత్సకు సమ్మతించేవారు కారు. కష్టకాన్పులలో ఎందరికో ప్రాణాపాయం వాటిల్లేది. ఈ దుస్థితికి చలించిన మేరీ షార్లీబ్, మరి ముగ్గురు స్త్రీలు 1875లో మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశం పొందారు. 1885లో ఆమె చొరవతో నగరంలో స్త్రీలకు ప్రత్యేక ఆసుపత్రి వెలసింది.

ద్వారం తెరచినంత మాత్రాన సమానత్వం సిద్ధించదు. ముత్తులక్ష్మీ రెడ్డి తల్లి దేవదాసీ వర్గానికి చెందినది. పుదుక్కోట కళాశాలలో ఆమె ప్రవేశాన్నే పలువురు ప్రతిఘటించగా, సంస్థానాధీశుడు అనుమతి నొసగాడు. 1912లో ఆమె మద్రాసులో వైద్య పట్టభద్రురాలయ్యారు. శాసనమండలిలో దేవదాసీ విధాన నిర్మూలనకు పోరాడారు. ఆమె కృషి ఫలితంగా 1954లో అడయారులో క్యాన్సర్ ఆసుపత్రి ప్రారంభమైంది. తాను పొందిన స్థానాన్ని, స్థానమే లేనివారికై వినియోగించడం ఆమె విశిష్టత. విద్యకు సార్థకత అదియే.