ఏడుకు ఆరా, పదకొండా?

తల్లాడలో మా ఇంటి సందుగ అడుగున, పసుపు గుడ్డ మూటలో రెండు బిళ్ళ రూపాయలున్నాయి. ఒకదాని మీద చార్మినారు, రెండోదాని మీద కిరీటం పెట్టుకున్న రాజు తల. సైజు ఒకటే, అరచేతిలో పెట్టుకుంటే బరువూ ఇంచుమించు ఒకటే. వాటి మీద మా ఇంట్లో ఓ పాత తగువు ఉంది. ఎప్పుడో పట్టీలు చేయించడానికి నాయనమ్మ రెంటినీ కంసాలి దగ్గరికి పట్టుకెళ్తే, ఆయన చార్మినారు బిళ్ళకు ఎక్కువ కట్టి, రాజు బిళ్ళకు బాగా తక్కువ కట్టాడట. ఆమె రెండూ లాక్కుని ఇంటికొచ్చేసింది.

"ఏడు సర్కారు రూపాయలిస్తేగాని ఆరు కల్దార్లు రాకపోయేది. కల్దారునే తక్కువంటడా? నేనేమన్న నిన్న పుట్టిన్నా?"

పోయేదాకా ఆ కంసాలి మోసగాడనే అన్నది. పట్టీలు మాత్రం చేయించుకోలేదు.

ముందు ఆమె లెక్క నిజమో కాదో చూడాలి. తల్లాడ అప్పట్లో నిజాం ఏలుబడి. ఇక్కడ చెల్లింది హాలీ సిక్కా. నాయనమ్మ సర్కారు రూపాయి అన్నది దాన్నే, చార్మినారు బిళ్ళ అందులోదే. తిరువూరు వైపు దిగితే కృష్ణా జిల్లా, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ. రాములవారి కల్యాణానికి వెళ్ళి గోదావరి దాటినా అదే రాజ్యం. 1860 ఒప్పందంలో నిజాం ఎడమగట్టును ఇంగ్లీషువాళ్ళకు వదిలేశాడు, భద్రాచలం అటే పోయింది. అవతల నడిచేది కల్దారు. కల్ అంటే యంత్రం, కల్దారంటే మరమీద కొట్టిన నాణెం. అటు పిల్లనిచ్చినా, ఇటు పిల్లను తెచ్చుకున్నా రెండు నాణేల లెక్క తెలియకపోతే కుదరని ఊళ్ళు ఇవి. సర్కారు లెక్కలో వంద కల్దార్లకు నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు హాలీ. భాగించి చూడండి, సరిగ్గా ఆరుకు ఏడు. నాయనమ్మ బడికి వెళ్ళలేదు గానీ లెక్క తప్పలేదు.

మరి ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? కల్దారు ఒక తులం, 11.66 గ్రాములు. అసలు తులమంటేనే రూపాయి ఎత్తు, కంసాలి త్రాసులో రూపాయే రాయి. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. చార్మినారు రూపాయి 11.18 గ్రాములు, వెయ్యికి 818 పాళ్ళు వెండి, మిగతాది రాగి. కల్దారులో అచ్చమైన వెండి 10.69 గ్రాములు, హాలీలో 9.14. ఆరు కల్దార్లలో 64.1, ఏడు హాలీల్లో 64. ఇంత దగ్గరగా కలిసేసరికి కాగితం మీద మళ్ళీ ఓసారి వేసి చూసుకున్నాను. వెండి ఒక్కటే మారకాన్ని నడిపిందని మాత్రం అనను. 1893లో ఇంగ్లీషువాళ్ళు, వెండి తెచ్చినవాళ్ళందరికీ రూపాయలు కొట్టివ్వడం ఆపేశాక కల్దారు విలువ వెండి ధరను వదిలి పైకి పోయింది, హాలీ వెండితోపాటు పడుతూ వచ్చింది. మరమీద కొట్టిన చార్మినారు రూపాయి వచ్చిన తర్వాతే మారకం కుదుటపడింది.

అంటే కంసాలి మోసగాడేనా? ఇక్కడిదాకా వచ్చి నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఇప్పటిదాకా నేను లెక్కేసింది కల్దారు అనే జాతిని. సందుగలో ఉన్న బిళ్ళను కాదు.

చార్మినారు బిళ్ళను ఉర్దూ వచ్చిన ఒక పెద్దాయనకు చూపించాను. కట్టడం నడిమి ద్వారంలో చిన్న అక్షరం ఉంది. అది 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. మాది ఐన్. హిజ్రీ 1337, అంటే 1918–19. మీనార్ల కొసలు అరిగి నున్నబడ్డాయి. ఎన్ని సంతలు తిరిగిందో! రాజు బిళ్ళ మీద మాత్రం కిరీటంలో గీతలు కూడా చెక్కుచెదరలేదు. ఎవరు చూసినా ఇదే మేలైన నాణెం అంటారు. ఆరో జార్జి, 1942.

ఆ అంకె దగ్గర ఆగాలి. యుద్ధం మొదలయ్యాక జనం కాగితం నోట్లిచ్చి వెండి రూపాయలు తీసుకుని దాచేసుకున్నారు. 1940లో ప్రభుత్వం రూపాయిలో వెండిని సగానికి దించింది. సగం వెండి, వందకు నలభై పాళ్ళు రాగి, ఐదేసి పాళ్ళు నికెల్, జింకు. బరువు మార్చలేదు, సైజూ మార్చలేదు. మార్చింది అంచు. వెండి తగ్గితే దొంగ నాణేలు కొట్టడం తేలికవుతుందని గీతల అంచు మధ్యలో ఒక గాడి పెట్టి, అందులో నగిషీ చెక్కారు. బొటనవేలితో తడిమాను. చార్మినారు అంచుకు లేని ఆ గాడి రాజు బిళ్ళకు ఉంది.

అంచును నమ్మి తీర్పు చెప్పడం ఎందుకని నీళ్ళలో కూడా తూచాను. త్రాసు మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి, బిళ్ళను సన్నటి దారంతో అడుగు తగలకుండా ముంచితే, పెరిగిన బరువు అది తోసిన నీళ్ళది. చార్మినారు గాలిలో 11.1 గ్రాములు తూగి, 1.09 గ్రాముల నీటిని తోసింది. రాజు బిళ్ళ 11.6 తూగి, 1.22 తోసింది. నీటితో పోలిస్తే మొదటిది పది రెట్లకు పైన బరువు, రెండోది తొమ్మిదిన్నర. పాత కల్దారయితే పది దాటాలి. సగం వెండి బిళ్ళకు తొమ్మిదిన్నరే రావాలి.

కంసాలికి ఇంత తతంగం అక్కర్లేదు. రాతి మీద మోగించి విన్నాడో, గీటురాయి మీద గీశాడో, లేక నాలాగే అంచు తడిమాడో. కరిగిస్తే రాజు బిళ్ళలో దొరికేది 5.8 గ్రాములు, అరిగిపోయిన చార్మినారులో 9.1. ఆయన కట్టిన ధర ధర్మమే. నాయనమ్మ చెప్పిన సూత్రమూ తప్పు కాదు, పాత కల్దారు వరకు. ఈ 1942 బిళ్ళల లెక్కన ఏడు చార్మినార్లకు సమానమైన వెండి కావాలంటే ఆరు కాదు, పదకొండు ఇవ్వాలి.

సేకరించేవాళ్ళ తూకం వేరు. వాళ్ళకు చెక్కుచెదరని కిరీటం ముఖ్యం, లోపల వెండి ఎంతన్నది తర్వాత. మా చార్మినారును పండక్కోసారి చింతపండు పెట్టి తోమారు కాబట్టి వాళ్ళ దగ్గర దానికి రావాల్సిన ధర కూడా రాదు.

1947లో రూపాయిలో ఆ సగం వెండీ పోయింది, వచ్చింది వట్టి నికెల్ బిళ్ళ. 1950లో భారత రూపాయి ఇక్కడికి వచ్చినప్పుడూ మారకం పాతదే, ఏడు హాలీలకు ఆరు. హాలీ చెల్లుబాటు 1959 దాకా సాగింది. ఇలాంటి పాత చార్మినార్లు ఏడు పట్టుకుపోయి ఖజానాలో ఇచ్చుంటే, చేతికి ఆరు నికెల్ రూపాయలో, ఆరు రూపాయి నోట్లో వచ్చేవి. నాయనమ్మ ఆ బిళ్ళను మార్చలేదు. ఎందుకు మార్చలేదో ఎవరూ అడగలేదు. మూటలో అడుగున, రాజు బిళ్ళ కింద పెట్టింది.