కోనసీమలో వయసులవారీ కుటుంబ నివాసం - వృద్ధులకు పోషణ హక్కు

డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని తాటిపాకతో సహా రాజోలు ప్రాంతం నుండి పనిచేసే వయసులోని స్త్రీ, పురుషులు దశాబ్దాలుగా కువైట్, దుబాయ్, మస్కట్ తదితర ప్రాంతాలకు ఉపాధి నిమిత్తం వెళ్తున్నారు. తత్ఫలితంగా పలు గృహాలలో వృద్ధులు ఒంటరిగా గాని, మనుమల సంరక్షణ చూస్తూ గాని నివసిస్తున్నారు.

జనాభా లెక్కలలో కుటుంబానికి ప్రాతిపదిక రక్తసంబంధం కాదు, ఉమ్మడి వంటగది. ఒకేచోట నివసిస్తూ ఒకే వంటగదిలో భోజనం చేసేవారిని ఒక కుటుంబంగా పరిగణిస్తారు. కావున కుమారుడు గల్ఫ్ నుండి ప్రతినెలా సొమ్ము పంపుతున్నప్పటికీ, ఒంటరిగా ఉన్న తల్లి ఏకవ్యక్తి కుటుంబంగానే నమోదవుతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 60 ఏళ్లు, ఆపై వయసు గలవారు 9.8 శాతం, జాతీయ సగటు 8.6 శాతం.

వంటగది వేరైనంత మాత్రాన పోషణ బాధ్యత తొలగదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం-2007 విదేశాలలోని భారత పౌరులకు కూడా వర్తిస్తుంది. స్వీయ పోషణకు శక్తిలేని తల్లిదండ్రులు రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. నెలకు గరిష్ఠంగా రూ.10,000 వరకు భృతి మంజూరు చేయవచ్చు. సంతానం లేని వయోవృద్ధుల విషయంలో, వారి ఆస్తిని అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందనున్న బంధువులు బాధ్యులు. పోషణ షరతుతో ఆస్తిని దానంగా పొంది, ఆ షరతును ఉల్లంఘించినచో సదరు బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు.

వయోవృద్ధులు సహాయార్థం టోల్‌ఫ్రీ నంబరు 14567ను సంప్రదించవచ్చు.