సంచీ ఎవరు సర్దారు?

1986 ఏప్రిల్ 17, గురువారం. లండన్ హీత్రో విమానాశ్రయంలో టెల్ అవీవ్ వెళ్లే ఇజ్రాయెల్ విమానసంస్థ ఎల్ ఆల్ విమానం కోసం మీరు వరసలో నిలబడ్డారు. విమానాశ్రయం వాళ్ల తనిఖీ అయిపోయింది. చేతిసంచులన్నీ ఎక్స్‌రే యంత్రంలోంచి ఇవతలికి వచ్చేశాయి. ఇక ఎక్కి కూర్చోవడమే అనుకుంటుంటే గేటు దగ్గర మళ్లీ ఆపారు. ఎల్ ఆల్‌కు సొంత భద్రతా సిబ్బంది ఉన్నారు. వాళ్లు ప్రయాణికులతో మాట్లాడుతున్నారు.

ఈ జాగ్రత్త ఊరికే పుట్టలేదు. 1985 డిసెంబర్ 27న రోమ్, వియన్నా విమానాశ్రయాల్లో ఎల్ ఆల్ కౌంటర్ల దగ్గర ఒకే రోజు దాడులు జరిగాయి. ఈ నెల 5న పశ్చిమ బెర్లిన్‌లో అమెరికా సైనికులు వెళ్లే డిస్కోలో బాంబు పేలింది. అది లిబియా పనేనంటూ మొన్న 15న అమెరికా విమానాలు ట్రిపోలీ, బెంఘాజీల మీద బాంబులు వేశాయి. వాటిలో కొన్ని బయలుదేరింది ఈ బ్రిటన్ గడ్డ మీది స్థావరాల నుంచే. సరిగ్గా ఈరోజే బీరూట్‌లో జాన్ మెకార్తీ అనే బ్రిటిష్ పాత్రికేయుణ్ణి ఎత్తుకుపోతున్నారు. ముప్పు ఏ దిక్కున ముసురుకుంటోందో పేపరు చదివేవాళ్లకు అర్థమవుతూనే ఉంది. అది ఎవరి చేతిలో ఉండి వస్తుందో మాత్రం ఏ పేపరూ చెప్పదు. ఆ మనిషిని ఇక్కడే, ఈ గేటు దగ్గరే పోల్చుకోవాలి.

మీ ముందు ఓ ఐరిష్ మహిళ నిలబడి ఉంది. ముప్పై దాటిన వయసు, కడుపుతో ఉంది. తోడు ఎవరూ లేరు. వెంట చక్రాల సంచీ ఒకటి.

సంచీ మీరే సర్దుకున్నారా? ఎవరైనా ఏమైనా ఇచ్చారా? అక్కడ ఎక్కడ దిగుతారు? మామూలు ప్రశ్నలే. ఆమె గొంతు తడబడదు, చూపు పక్కకు పోదు. చెమటలు పట్టే ముఖం కోసం వెతికేవాళ్లు ఆమెను చిరునవ్వుతో సాగనంపేవాళ్లే. కానీ ఇక్కడివాళ్లు ముఖం చూసి వదిలేసే రకం కాదు. కడుపుతో ఉన్న మనిషి అంత దూరం ఒంటరిగా ఎందుకు వెళుతోంది? ఆమె చెప్పేది ఒకదానికొకటి పొసగాలి కదా!

సంచీ తెరిచారు. బట్టలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టారు. అంతా ఖాళీ అయ్యాక ఎత్తి చూశారు. ఖాళీ సంచీ అంత బరువుండకూడదు. అడుగున ఇంకో అడుగు ఉంది. దాని కింద దాదాపు కిలోన్నర సెమ్‌టెక్స్ పేలుడు పదార్థం! సామానులో ఉన్న కాలిక్యులేటరే దాన్ని పేల్చే సాధనం. ఎక్స్‌రే యంత్రం ఈ సంచీని చూసింది, దాటించింది. విమానం ఎక్కాల్సినవాళ్లు సుమారు 375 మంది.

అందరికంటే ఎక్కువగా నిర్ఘాంతపోయింది ఆమే. సంచీ ఇచ్చింది ఆమె కడుపులోని బిడ్డకు తండ్రి, జోర్డాన్‌కు చెందిన నెజార్ హిందావీ. అక్కడికి వెళ్లాక పెళ్లి చేసుకుందామన్నాడు. తాను వేరే విమానంలో వస్తానన్నాడు. టాక్సీలో హీత్రో దాకా వచ్చి మరీ సాగనంపాడు. ఆమెనూ, పుట్టబోయే బిడ్డనూ కలిపి చంపడానికి పంపాడు. ఆమె ముఖంలో భయం లేదంటే, దాచడానికి ఆమె దగ్గర ఏమీ లేదు కాబట్టి.

మర్నాడే హిందావీ పోలీసులకు చిక్కాడు. అక్టోబర్‌లో కోర్టు 45 ఏళ్ల జైలుశిక్ష వేసింది. సిరియా అధికారుల ప్రమేయం ఉందంటూ, అదే రోజు, అక్టోబర్ 24న, బ్రిటన్ ఆ దేశంతో దౌత్య సంబంధాలు తెంచుకుంది. సిరియా కాదని వాదించింది.

నేరం తెలిసినవాడి మనసు వేరేగా పనిచేస్తుంది. 1999 డిసెంబర్ 14న అమెరికాలోని పోర్ట్ ఏంజెలెస్ రేవులో కెనడా నుంచి వచ్చిన ఓడ దిగిన అహ్మద్ రెస్సామ్‌ను పట్టించింది అతని కంగారే. కస్టమ్స్ అధికారిణి డయానా డీన్ అడిగిన చిన్న ప్రశ్నలకే అతను తత్తరపడ్డాడు. కారులో స్పేర్ టైరు ఉండాల్సిన చోట పేలుడు పదార్థాలు దొరికాయి. గురి లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం.

ఒకరు వణికారు, ఒకరు వణకలేదు. ఇద్దరినీ ఆపింది ఓపిగ్గా అడిగిన ప్రశ్న, శ్రద్ధగా విన్న చెవి. పేరును బట్టో, మతాన్ని బట్టో, ఒంటి రంగును బట్టో అనుమానించి ఉంటే హీత్రోలో ఆ ఐరిష్ గర్భిణిని ఎవరూ ఆపేవాళ్లు కాదు. మనుషుల్ని జాతులుగా చూసే భద్రత అన్యాయమైనదే కాదు, గుడ్డిది కూడా.

శంషాబాద్‌లో అమెరికా ప్రయాణానికి విమానం ఎక్కేటప్పుడు ఈ ప్రశ్న మనకూ ఎదురవుతుంది. సంచీ మీరే సర్దుకున్నారా? "మా అబ్బాయికి కాస్త పచ్చడి ఇవ్వండమ్మా" అంటూ తెలిసినవాళ్లు తెచ్చిచ్చే పొట్లాన్ని కాదనడం మన ఇళ్లలో మర్యాద కాదు. అయినా విప్పి చూడండి, మీ చేత్తో మీరే సర్దండి. కౌంటర్లో అడిగితే మొహమాటపడకుండా ఉన్నదున్నట్టు చెప్పండి. విసుక్కోకండి. ఆ ప్రశ్న అడిగినందువల్లే ఓ విమానం నిండా జనం బతికి ఇంటికి చేరారు.