ఓవటోనా ఇటుకల బ్యాంకు

జీర్ణోద్ధరణ సందర్భమున వెలువడుచున్న ఈ సంచికలో ఒక బ్యాంకు భవనమును గూర్చిన ప్రసంగమేమని మీకు సందేహము కలుగవచ్చును. పాతదానిని బాగుచేయబూనిన ప్రతివారికీ ఎదురయ్యే ఒక చిక్కు ఉన్నది: దేనిని ఉంచవలెను, దేనిని తీసివేయవలెను? ఈ చిక్కును చవిచూసిన కట్టడములలో, సముద్రములకు ఆవల ఒక చిన్న పట్టణమునందున్న ఇటుకల బ్యాంకు ఒకటి. దాని కథను మీ ముందుంచుచున్నాను.

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున, మినియాపొలిస్ నగరమునకు సుమారు వంద కిలోమీటర్ల దక్షిణమున ఓవటోనా అను పట్టణము కలదు. 1900 నాటికి అక్కడి జనాభా ఐదున్నర వేలు మాత్రమే. చుట్టూ పొలములు, పాడిపశువులు. ఊరికి పేరు తెచ్చినది వెన్న. ఇక్కడి నేషనల్ ఫార్మర్స్ బ్యాంకు, పేరులోనే చెప్పుకొన్నట్లు, రైతుల బ్యాంకు. దాని ఉపాధ్యక్షుడు కార్ల్ బెనెట్ హార్వర్డ్‌లో సంగీతమును అభ్యసించినవాడు. పాత బ్యాంకు ఇరుకుగా ఉన్నదని కొత్తది కట్టించదలచెను. సరియైన వాస్తుశిల్పి కొరకు వెదకుచుండగా, 1906లో ది క్రాఫ్ట్స్‌మన్ పత్రికలో లూయీ సలివన్ వ్రాసిన వ్యాసమొకటి ఆయన కంటబడెను.

సలివన్ అనామకుడు కాడు. షికాగోలో అడ్లర్‌తో కలిసి 1889లో ఆడిటోరియం భవనమును పూర్తిచేసినవాడు. ఆకాశహర్మ్యముల తొలి నిర్మాతలలో ఒకడు. ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కు గురువు. కాని 1895లో ఆ భాగస్వామ్యము విడిపోయినది, పనులు తగ్గినవి. మహానగరములు మరచిపోయిన మనిషిని ఒక చిన్న ఊరి బ్యాంకరు పిలిచెను. సలివన్ ఓవటోనాకు వచ్చి, ఆ ఊరి కూడలిని, ఎదుటనున్న ఉద్యానమును చూచి, పథకము గీసెను.

ఆ కాలమున అమెరికాలో బ్యాంకు అనిన రోమన్ దేవాలయపు ముఖద్వారము, పాలరాతి స్తంభములు తప్పనిసరి. సొమ్ము భద్రముగా ఉండునని నమ్మించుటకు దేవతల ఇంటి వేషమును ధరించెడివారు. సలివన్ ఈ వేషమును అంతకుముందే ఘాటుగా పరిహసించి ఉండెను. రోమన్ కట్టడములో కూర్చున్న బ్యాంకరు రోమన్ వస్త్రమే ధరించి, లాటిన్‌లోనే మాట్లాడవలసి ఉండునని ఆయన భావము. ఓవటోనాలో ఆయన ఒక్క స్తంభమునూ నిలుపలేదు.

1908లో పూర్తియైన భవనము ఇంచుమించు ఒక పెద్ద పెట్టె. ప్రతి ముఖమూ 68 అడుగులు. దిగువన ఎర్రని ఇసుకరాతి పీఠము. దానిపై ఇటుక గోడ. ఈ ఇటుక ఒక్కొక్కటి ఒక్కొక్క ఛాయ: ఎరుపు, గోధుమ, ఇంకొంచెము నల్లనిది. పైభాగము నునుపు కాదు, గరుకు. తాపీపని చూచినవారికి తెలియును, ఒకే రంగు ఇటుకతో కట్టిన గోడ దూరమునుండి చదునుగా, నిర్జీవముగా కనిపించును. రకరకాల ఛాయలు కలిసిన గోడ నేసిన వస్త్రమువలె ఉండును. సలివన్‌కు ఆ తివాచీ గుణమే కావలెను. వీధుల వైపునున్న రెండు ముఖములలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క మహాకమాను, వెడల్పు 36 అడుగులు. కమాను నిండ రంగుటద్దములు. చుట్టూ ఆకుపచ్చని కాల్చినమట్టి పలకల అలంకరణ, గాజు మొజాయిక్ పట్టీ. వాటి వెనుక భాగమున అంగళ్లకు, కార్యాలయములకు వేరొక కట్టడము జోడించిరి.

లోనికి పోయినచో ఇటుకను మరచిపోవుదుము. ఆకుపచ్చ వెలుగు కమాను కిటికీలనుండి దిగుచుండును. గోడలపై అచ్చురేకులతో వేసిన రంగుల పని లూయీ మిల్లెట్‌ది. రెండు పెద్ద చిత్తరువులు ఆస్కర్ గ్రాస్ చిత్రించెను. ఒకదానిలో పచ్చికబయలున ఆవులు, రెండవదానిలో పంటకోత. రైతు తన పొలమునే గోడమీద చూచుకొనును! వేలాడు దీపస్తంభములు నాలుగు. ఒక్కొక్కటి రెండుంబాతిక టన్నులు. ఈ అలంకరణలో అధికభాగము సలివన్ సహాయకుడు జార్జ్ ఎల్మ్‌స్లీ చేతినుండి వచ్చినదే. పేరు సలివన్‌కు, చేయి ఎల్మ్‌స్లీకి. గోపురములు కట్టించిన రాజుల పేర్లే నిలిచి స్థపతుల పేర్లు పోయిన మన అనుభవము దీనికి దూరము కాదు. ఖర్చు సుమారు లక్షా పాతికవేల డాలర్లు.

ఆ తరువాతి కథ కష్టమైనది. ఎల్మ్‌స్లీ 1909లో వెళ్లిపోయెను. సలివన్ అదే సంవత్సరము తన సొంత వస్తువులను వేలము వేసికొనవలసి వచ్చినది. సీడర్ రాపిడ్స్, గ్రినెల్, సిడ్నీ వంటి చిన్న పట్టణములలో మరికొన్ని బ్యాంకులు కట్టి, 1924లో షికాగోలో పేదరికమున మరణించెను. బెనెట్ 1912లో తన ఇంటి నమూనా కూడ సలివన్ చేతనే వేయించుకొనెను, అది కట్టబడలేదు. పంటల ధరలు పడిపోయిన ఆ దశాబ్దమున రైతుల బ్యాంకు నిలువలేదు. 1926లో మూతబడెను, బెనెట్ సొమ్మూ దానితోనే పోయెను.

భవనము మాత్రము మరియొక బ్యాంకు చేతికి పోయినది. 1940 ప్రాంతమున కొత్తవారు ఆధునికముగా ఉండవలెనని లోపలి గుమాస్తాల కిటికీలను, వాటి ఇనుప అలంకరణను తొలగించిరి. తొలగించినవానిలో కొన్ని మ్యూజియములకు చేరినవి, మిగిలినవి పోయినవి. దురుద్దేశముతో చేసిన పని కాదది. అప్పటివారికి అది పాతసామాను. నా అభిప్రాయమున జీర్ణోద్ధరణకు పెద్ద ప్రమాదము శత్రువులనుండి కాదు, సౌకర్యము కోరువారినుండి.

అయితే కమానులను, చిత్తరువులను, దీపములను ఎవరూ కదల్పలేదు. 1957-58లో హార్వెల్ హామిల్టన్ హ్యారిస్ అను వాస్తుశిల్పికి పునరుద్ధరణ పని అప్పగించిరి. ఆయన మిగిలిన దానిని కాపాడుచు, అందుకు సరిపడునట్లు కొత్త సామగ్రిని రూపొందించెను. 1976లో దీనిని జాతీయ చారిత్రక చిహ్నముగ ప్రకటించిరి. 1981లో అమెరికా తపాలాశాఖ దీని చిత్రముతో 18 సెంట్ల బిళ్లను విడుదల చేసెను. దానిపై సలివన్ పేరు, ఊరి పేరు, బ్యాంకు పేరు ఉన్నవి. కట్టించిన బెనెట్ పేరు లేదు.